41 రోజులు మానగలిగిన మనిషి 42వ రోజు ఎందుకు తాగుతున్నాడు?

ఆదోని నుంచి ఒక అక్క తన తమ్ముడి గురించి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆ తమ్ముడికి 36 ఏళ్లు. పత్తి మార్కెట్ యార్డులో ఒక హమాలీ గుంపుకు మేస్త్రి. పన్నెండేళ్లుగా తాగుతున్నాడు, ఇప్పుడు రోజుకు రెండు క్వార్టర్ల దాకా వచ్చింది. మూడేళ్లుగా అయ్యప్ప మాల వేసుకుంటున్నాడు. ఆ 41 రోజులూ చుక్క ముట్టడు, శబరిమల నుంచి తిరిగొచ్చి మాల విప్పిన సాయంత్రమే మళ్లీ మొదలుపెడతాడు. "మానాలనుకుంటే మానగలడని తెలిసిపోయింది కదా, ఇంక మానకపోతే అది కొవ్వే" అని ఇంట్లో అంటున్నారట. "గుంపులో, బంధువుల్లో అందరూ తాగుతారు, మావాడొక్కడే ఎందుకిలా అయినాడు? ఇది జబ్బా, మా పెంపకం లోపమా, అమ్మ అన్నట్టు మరదలి నోటి వల్లనా?" అన్నది ఆమె ప్రశ్న. ఇప్పుడు మళ్లీ మాలలో ఉన్నాడు. మాఘంలో మేనత్త ఇంట్లో పెళ్లి ఉంది, అక్కడికి అతన్ని తీసుకుపోవాలా వద్దా అని కూడా అడిగారు.

నేను కర్నూలులో మానసిక వైద్యుల దగ్గర ఇరవై ఆరేళ్లు సోషల్ వర్కరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మందులు రాయడం నా పని కాదు. తాగే మనిషి వెంట వచ్చిన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో కూర్చుని, అతను ఏ వేళకు, ఎవరితో, ఎవరి డబ్బుతో తాగుతున్నాడో అడిగి రాసుకోవడం నా పని. ఆ అనుభవంతో రాస్తున్నాను.

అమ్మా, మొదట మాల సంగతే చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది. మాల పడిన రోజు నుంచి మీ తమ్ముడి చుట్టూ ఏమేమి మారాయో వరసగా గుర్తుచేసుకోండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చెప్పులు లేని కాళ్లు. నిన్నటిదాకా "ఏం మేస్త్రీ" అన్న గుంపు ఈ రోజు "స్వామీ" అంటుంది. ఒకే సీసా పంచుకున్న స్నేహితుడు అతని ఎదుట మూత తీయడానికి జంకి పక్క సందులోకి పోతాడు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే ఇంతకు ముందు వైన్ షాపు దగ్గర గడిచిపోయిన ఆ మూడు గంటలు, ఇప్పుడు భజనకో పడిపూజకో పోతాయి. ప్రయాణానికి డబ్బు కూడబెట్టాలి కనుక జేబులో నోటు నిలవదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా తెలియక "ఒక్క పెగ్గుకేమైతాదప్పా" అంటే పక్కవాళ్లే ఆ అన్నవాణ్ణి తిడతారు. ఊరంతా కలిసి ఇన్ని ఏర్పాట్లు చేస్తే నిలిచిన మనిషిని చూసి, అది పూర్తిగా అతని మనోబలమని లెక్క వేస్తున్నారు. మాల విప్పిన గంటలో ఆ ఏర్పాట్లన్నీ ఎత్తేసి, అప్పుడు అతను పడిపోతే అది పూర్తిగా అతని పొగరని లెక్క వేస్తున్నారు. ఈ రెండు లెక్కల్లోనూ తప్పు ఒక్కటే: చుట్టూ ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఇది జబ్బేనా అంటే, అవును. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది కనుక ఒక క్వార్టరులో సుమారు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉన్నట్టు. రెండు క్వార్టర్లంటే 120 గ్రాములు. మగవాళ్లు రోజుకు 100 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యధిక ప్రమాద స్థాయిగా లెక్కిస్తుంది. ఇంత మోతాదు ఏళ్ల తరబడి పడిన మెదడు ఆ మత్తుకు తగ్గట్టు తన పనితీరునే సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు 41 రోజుల్లో పూర్తిగా వెనక్కి పోదు. "మావాడొక్కడే ఎందుకు" అన్నదానికి కొంత జవాబు వంశంలో ఉంది. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, ఒకరు బానిస కావడానికీ మరొకరు కాకపోవడానికీ మధ్య ఉన్న తేడాలో సుమారు సగం వారసత్వం నుంచి వస్తుంది. మీ నాన్నగారో చిన్నాన్నో ఎక్కువగా తాగేవారా అన్నది మీరు రాయలేదు, డాక్టరు మాత్రం తప్పక అడుగుతారు. మిగతా సగం గురించే నేను చెప్పగలిగేది ఎక్కువ.

"అందరూ తాగుతారు" అన్నారు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, మగవాళ్లను మాత్రమే తీసుకుంటే 27.3 శాతం. అంటే దేశం మొత్తం మీద నలుగురు మగవాళ్లలో సుమారు ముగ్గురు తాగనివాళ్లే. కానీ మీ తమ్ముడు ఉదయం నుంచి రాత్రి దాకా చూసే పదిహేను మందిలో పద్నాలుగు మంది తాగుతారు కనుక అతనికి లోకమంటే అదే. తాగనివాడు అతని కంటికి కనబడడు, కనబడినా "వాడు వేరే రకం" అనిపిస్తాడు. మరో సంగతి కూడా ఆ సర్వేలో ఉంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సాయమో అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లలోనూ మీ ఇంట్లో నడుస్తున్న వాదనే నడుస్తూ ఉంటుంది.

ఆ వాదన తెగకపోవడానికి మన మాటలు కూడా కొంత కారణమని నా అభిప్రాయం. తాగే మనిషిని గురించి చెప్పడానికి మన వాడుకలో రెండే రెండు అరలున్నాయి. ఒకటి "కొంచెం అలవాటుంది", రెండోది "తాగుబోతు". మొదటి అరలో ఉన్నవాడికి పిల్లనిస్తారు, రెండో అరలో ఉన్నవాణ్ణి గడప తొక్కనివ్వరు. మధ్యలో పడే పది పన్నెండేళ్లకు, అంటే వైద్యం సులభంగా పనిచేసే ఆ కాలానికి, పేరే లేదు. దానికి తోడు సీసాలో ఉన్నదాన్నీ మందే అంటాం, ఆసుపత్రిలో ఇచ్చేదాన్నీ మందే అంటాం, చేనుకు కొట్టేదాన్నీ మందే అంటాం. ఒళ్లు నొప్పులకు మందు, జలుబుకు మందు, నిద్రకు మందు అని సీసాను సమర్థించుకోవడం మన భాషలో ఎంత తేలికో చూడండి. నూట ఇరవై కిలోల బోరేలు మోసిన వీపుకు సాయంత్రం నొప్పి ఉంటుంది, అది అబద్ధం కాదు. ఆ నొప్పికి ఇదే విరుగుడని పద్దెనిమిదేళ్ల కొత్త హమాలీకి చెప్పేది డాక్టరు కాదు, గుంపులో పెద్దవాడు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన ఆ గుంపు దాకా ఎప్పుడూ రాలేదు.

ఇక కూలి పంచుకునే పద్ధతి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ నా కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసుకున్నది ఇదే. గుంపు మొత్తానికి కలిపి మేస్త్రి చేతికి కూలి వస్తుంది, అన్నీ ఐదువందల నోట్లే. పదిహేను మందికి తలా ఇంత అని పంచాలంటే చిల్లర కావాలి. సాయంత్రం ఏడు గంటలకు అంత చిల్లర ఉండే అంగడి ఏది? వైన్ షాపు. చిల్లర ఊరికే ఇమ్మంటే ఇవ్వడు కనుక ముందు ఒక ఫుల్ బాటిల్ కొంటారు, దాని ఖర్చు అందరి లెక్కలోంచి పోతుంది. తాగినా తాగకపోయినా డబ్బు పోయేదే కనుక తాగకుండా పోయేవాడు నష్టపోయినవాడవుతాడు. మేస్త్రి అయితే అసలు కదలలేడు, లెక్క చెప్పాల్సినవాడు అతనే. మీ తమ్ముడు మేస్త్రి అయిన తరువాతే తాగుడు పెరిగిందా అన్నది ఒకసారి గుర్తుచేసుకోండి. పెరిగి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల్లో కూడా ఇదే తంతు చూశాను. అక్కడ ముందే ఇచ్చిన అడ్వాన్సు కూలీని కట్టిపడేస్తే, రాత్రికి మేస్త్రి పోయించే మందు ఆ కట్టును మరచిపోయేలా చేస్తుంది.

తరువాత మర్యాద. మన సీమలో పెట్టినదాన్ని వద్దనడం పెట్టినవాణ్ణి తక్కువ చేయడమే. సంగటి వద్దంటే ఎంత చిన్నబుచ్చుకుంటారో గ్లాసు వద్దంటే అంతకంటే ఎక్కువ చిన్నబుచ్చుకుంటారు. ఊరి దేవరకు పొట్టేలు కోసినప్పుడు, చుట్టాలు బండ్ల మీద దిగినప్పుడు, "మా ఇంటికొచ్చి తాగకుండా పోతావా" అన్న మాటలో ప్రేమ ఉంది, అధికారం కూడా ఉంది. చావింట్లో పాడె మోసినవాళ్లకూ, గుంత తవ్వినవాళ్లకూ, తప్పెట కొట్టినవాళ్లకూ పోయించకపోతే చనిపోయినవాడికి మర్యాద జరగలేదంటారు. దినాల నాటికి ఆ ఖర్చు అప్పుగా రాసి ఉంటుంది. ఎన్నికల సంగతి చెప్పనక్కరలేదు. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు అమ్మకాలు ఆపాలని చట్టం చెబుతుంది కనుక, పంచేవాళ్లు సరుకును అంతకు వారం ముందే దించుకుంటారు. ఇన్ని సందర్భాల్లో ఏ ఒక్కదాన్నీ మీ తమ్ముడు పుట్టించలేదు. కానీ ప్రతిదానిలోనూ అతని చేతికి గ్లాసు అందించే చెయ్యి ఒకటుంది, చాలాసార్లు అది మనకు కావలసినవాళ్లదే. మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను: మీ ఇంట్లో పెద్దవాళ్లు తాగేటప్పుడు సోడా, ఉడకబెట్టిన గుడ్లు తెమ్మని అంగడికి ఎవరిని పంపేవారు? నేను ఈ ప్రశ్న అడిగిన ఇళ్లలో సగానికి పైగా వచ్చిన జవాబు ఒక్కటే, "వీణ్ణే పంపేవాళ్లం సార్, అప్పుడు ఎనిమిదేళ్లుంటాయి."

మరదలి నోటి వల్ల తాగుతున్నాడన్నది మాత్రం నేను ఒప్పుకోను, మీ అమ్మగారికి ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పాలి. "పెళ్లి చేస్తే దారికొస్తాడు" అని ఇచ్చిన పిల్ల ఆమె. అంటే ఊరూ, గుంపూ, తల్లిదండ్రులూ చేయలేని పనిని ఇరవై ఏళ్ల పిల్ల మీద పెట్టి, అది జరగకపోతే నేరం ఆమె మీదే వేస్తున్నాం. రాత్రి పదకొండుకు తూలుతూ వచ్చిన మనిషిని చూసి ఆమె గొంతు పెంచుతుంది. ఆ గొంతు తాగుడు తరువాత వచ్చింది, ముందు కాదు. అతను చేయి చేసుకుంటున్నాడని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు, "తాగితే ఒళ్లు తెలియదు" అని కూడా చేర్చారు. 1969లో మాక్ ఆండ్రూ, ఎడ్గర్టన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు రకరకాల సమాజాల్లో తాగిన మనుషుల నడవడిని పోల్చి, మత్తులో మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నది చాలావరకు అతని సమాజం ఏమి చెల్లనిస్తుందో దాన్ని బట్టి ఉంటుందని వాదించారు. వాళ్లు చెప్పిందాన్ని నేను ఇంట్లోనే పరీక్షించుకోమంటాను. అంతే మత్తులో మీ తమ్ముడు ఎప్పుడైనా యార్డు కమీషన్ ఏజెంటు మీద చేయెత్తాడా? రోడ్డు మీద ఆపిన ఎస్సైని కొట్టాడా? అక్కడ ఒళ్లు తెలిసింది. ఇంట్లో తెలియనక్కరలేదని అతనికి ఎవరో నేర్పారు. కొట్టినప్పుడు "తాగినోడితో మనకేం" అని ఇరుగుపొరుగు తలుపు వేసుకోవడం కూడా ఆ నేర్పడంలో భాగమే.

ప్రభుత్వం దుకాణాలు మూసేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొంత సరిపోతుంది, పూర్తిగా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిన తరువాత 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మన కర్నూలు జిల్లా మనిషే, కోట్ల విజయభాస్కరరెడ్డి, అప్పుడు ముఖ్యమంత్రి. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2019లో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు ఇచ్చి 99 రూపాయల క్వార్టరు తెచ్చారు. ధర పెరిగి, దుకాణం దూరమైతే కొత్తగా అలవాటు పడేవాళ్లు తగ్గుతారు, అందులో నాకు సందేహం లేదు. కానీ అప్పటికే బానిసైనవాడు ఆగడు, దారి మారుస్తాడు. ఆలూరు, ఆదోని వైపు సరిహద్దు దాటి వచ్చే కర్ణాటక మద్యం ప్యాకెట్లు మీకు తెలియనివి కావు. 2020 జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. సరదా కోసం శానిటైజరు తాగేవాడెవడూ ఉండడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మాల వేసుకున్న మొదటి రెండు రోజులు అతని చేతులు వణికాయని, చెమటలు పట్టాయని, "స్వామి దయతో తగ్గిపోయాయి" అని రాశారు. రోజూ ఇంత తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో వణుకు మొదలవుతుంది, రెండో రోజు లోపల ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరు అయోమయంలో పడి లేనివి కనబడుతున్నాయనీ, పురుగులు పాకుతున్నాయనీ అంటారు. మాలలో ఉన్న మనిషి అలా మాట్లాడితే నియమం తప్పినందుకు స్వామి ఆగ్రహించాడనో, పూనకమనో అనుకుని గుడి దగ్గర కూర్చోబెట్టి, మూడో రోజు స్ట్రెచరు మీద మా దగ్గరికి తెచ్చినవాళ్లను నేను చూశాను. అది ప్రాణం తీసే స్థితి. ఇలా ఆపడం, మళ్లీ తాగడం, మళ్లీ ఆపడం ఎన్నిసార్లు జరిగితే తరువాతి సారి లక్షణాలు అంత తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది. ఈసారి తేలిగ్గా గడిచిందని వచ్చే ఏడు కూడా అలాగే గడుస్తుందనుకోవద్దు. మళ్లీ తాగడం మొదలై, మళ్లీ ఆపాల్సి వస్తే, ఆపే రోజును డాక్టరుతో కలిసి నిర్ణయించండి. వణుకు తగ్గించే మాత్రలూ, బి1 విటమినూ ఇస్తూ నాలుగైదు రోజులు కనిపెట్టి చూస్తారు. అన్నంలో తెలియకుండా కలపమని అమ్మే పొడుల జోలికి వెళ్లవద్దు. వాటిలో ఏముందో చెప్పేవాడుండడు. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మాత్రను తెలియకుండా పెడితే, దాని మీద తాగినప్పుడు రక్తపోటు పడిపోయి మనిషి చనిపోవచ్చు. ఆ మాత్ర పనికిమాలినది కాదు, తెలిసి, ఒప్పుకుని, భార్య ఎదుట రోజూ వేసుకునేవాడికి బాగా పనిచేసింది.

మీ దగ్గర ఇప్పుడు మంచి అవకాశం ఉంది, మనిషి మత్తులో లేడు. మాల విప్పకముందే, ఇరుముడి కట్టే లోపల, అతనితో ఒక పూట కూర్చోండి. మానమని చెప్పకండి, ఆ మాట అతను వెయ్యిసార్లు విన్నాడు. మాల విప్పాక మొదటి సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ ఉంటావు, కూలి ఎక్కడ పంచుతావు అని అడగండి. నాకు తెలిసిన ఒక మేస్త్రి పంపకాన్ని వైన్ షాపు నుంచి బస్టాండు ఎదుటి ఉగ్గాని బండి దగ్గరికి మార్చాడు, సగం మందికి ఫోన్‌పే చేసేవాడు, మిగతావాళ్లకు బండివాడే చిల్లర ఇచ్చేవాడు. మొదటి వారం గుంపు సణిగింది, ఇద్దరు వేరే మేస్త్రి దగ్గరికి పోయారు, మిగతావాళ్లు ఉండిపోయారు. అతను పూర్తిగా మానడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, మధ్యలో మూడుసార్లు పడ్డాడు. పడినప్పుడల్లా అతని భార్య ఆసుపత్రి చీటీ తీసుకుని వెంట వచ్చేది, తిట్టుకుంటూనే వచ్చేది.

రెండోది, వద్దనడానికి ఊరు ఒప్పుకునే కారణం ఒకటి అతని చేతికి ఇవ్వండి. మన దగ్గర "నాకు ఇష్టం లేదు" అంటే చెల్లదు, "మొక్కుంది" అంటే చెల్లుతుంది, "డాక్టరు సూది వేసినాడు, తాగితే పడిపోతానంట" అంటే ఇంకా బాగా చెల్లుతుంది. మా వృత్తిలో కొందరు దీన్ని ఒప్పుకోరు, మనిషి ధైర్యంగా నిజం చెప్పడం నేర్చుకోవాలంటారు. నేర్చుకోవచ్చు, ఆరు నెలలయ్యాక. మొదటి నెల అతనికి కావలసింది చర్చ లేకుండా గ్లాసు పక్కకు పోవడం. మాల విప్పే పని మీ అమ్మగారి చేతుల మీదుగా జరుగుతుంది కనుక, ఆ రోజే సంక్రాంతి దాకానో శివరాత్రి దాకానో ఇంకో మొక్కు చెప్పించవచ్చు. మెడలో మాల లేకపోయినా నలుగురికీ ఆ మొక్కు సంగతి తెలియాలి, లేకపోతే దానికి విలువ లేదు.

వైద్యానికి మీ దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే మద్యం, మత్తు పదార్థాల కోసం 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 ఉన్నాయి, రెండూ ఉచితమే. మరదలు కూడా మాట్లాడవచ్చు, తాగేవాడు రానంటే ఇంట్లోవాళ్లు వచ్చినా పని మొదలవుతుంది. ఆమె మీద చేయి చేసుకోవడం ఆగకపోతే అతను మానే దాకా ఆమె ఆ ఇంట్లో వేచి ఉండాలన్న నియమం లేదు. ఈ విషయంలో ఆడపడుచుగా మీ మాటకు మిగతా అందరి మాట కంటే విలువ ఉంటుంది.

పెళ్లి సంగతి. తీసుకుపోండి, దాచి ఉంచితే చుట్టాల్లో ఇంకో పేరు పడుతుంది. అయితే ముందు రాత్రి పోవద్దు. మన పెళ్లిళ్లలో మందు పారేది ముందు రాత్రి విడిదింటి వెనకాల, తలంబ్రాల దగ్గర కాదు. ముహూర్తం రోజు తెల్లవారుజామున బయలుదేరి, భార్యాపిల్లలతో బస్సులోనే పోండి, బావమరుదుల బైకుల మీద వద్దు. మేనత్తకు మాత్రం ముందే ఫోను చేసి సంగతి చెప్పండి, ఆమె కొడుకులకు ఆమె చెబుతుంది. భోజనాల పంక్తిలో అతన్ని వడ్డనకు పెట్టండి, చేతిలో సాంబారు బకెట్టు ఉన్న మనిషిని ఎవరూ పక్కకు పిలవరు. మూడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం పెట్టుకోండి.